రోజుకి 40 కిలోల ఇసుక యాడికి పోతోంది? లెక్క ప్రకారం ఎగరకూడదు మరి

మామిడిరసం_చిత్తూరు:

అందరికీ నమస్కారం. చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో బాయిలర్, కంప్రెసర్లు, నీళ్ల ప్లాంటు అన్నీ నా నెత్తినే ఉన్నాయి. చదివింది మెకానికల్ డిప్లొమా. కెమికల్ వాళ్ల లెక్కలు సగమే వస్తాయి, తప్పు రాస్తే మొహమాటపడకుండా చెప్పండి.

మాది గంటకి 2 టన్నుల ఆవిరి ఇచ్చే బాయిలర్, కింద ఫ్లూయిడైజ్డ్ బెడ్, అంటే కిందనుంచి ఊదే గాలికి వేడి ఇసుక నీళ్లలా తేలుతుంటే అందులో పొట్టు కాలుతుంది. కాల్చేది వేరుశనగ పొట్టు, అది దొరకని రోజు కొంచెం వరి ఊక కలుపుతాం. బెడ్ 1.2 మీటర్లు ఇంటూ 1 మీటరు, ఫ్యాన్ ఆపి చూస్తే ఇసుక 300 మి.మీ. ఎత్తు ఉంటుంది, నడిచేటప్పుడు టెంపరేచర్ 850 డిగ్రీల దగ్గర పెడతాం. మొన్నటిదాకా వారానికి ఒక బస్తా ఇసుక వేస్తే సరిపోయేది. తోతాపురి సీజన్ మొదలై రెండు షిఫ్టులు నడుపుతున్న దగ్గర్నుంచి రోజుకి 40 కిలోలు వేయాల్సి వస్తోంది. పొద్దున బాయిలర్ లేపగానే విండ్ బాక్స్ (బెడ్ కింద గాలి నిండే పెట్టె) ప్రెషర్ తక్కువ చూపిస్తుంది, అది 600 మి.మీ. నీటి మట్టం దగ్గర ఉండాలని గోడ మీద పెయింటుతో రాసి ఉంది కాబట్టి ఆపరేటర్లు అంత వచ్చేదాకా ఇసుక వేస్తారు. ఇసుకంతా చిమ్నీలోంచి పోతోందని మా మేనేజరు గారి అనుమానం, గాలి తగ్గించు అంటారు. గాలి తగ్గిస్తే ఆవిరి చాలదు, ఆవిరి చాలకపోతే లైన్ ఆగుతుంది, గేటు బయట కాయల ట్రాక్టర్లు రెండు ఫర్లాంగుల క్యూ ఉంటుంది, ఆ టెన్షన్ వేరే.

నా లెక్క ఇది. ఎఫ్‌డీ ఫ్యాన్ (బెడ్ కిందకి గాలి తోసేది) డక్టులో గాలి గంటకి 2,100 ఘనపు మీటర్లు. దాన్ని 1.2 చదరపు మీటర్లతో భాగిస్తే సెకనుకి 0.49 మీటర్లు. ఇసుక సగటు సైజు 0.6 మి.మీ. అని సప్లయర్ బిల్లులో ఉంది. ఆ గింజకి టెర్మినల్ వెలాసిటీ, అంటే పైకి వీచే గాలి ఎంత వేగంగా ఉంటే గింజ కింద పడకుండా తేలుతుందో ఆ వేగం, సెకనుకి 5 మీటర్ల దగ్గర వచ్చింది. దాంట్లో పదో వంతు గాలికి ఇసుక ఎలా ఎగురుతుంది? నేను ఎక్కడ తప్పాను?

బొరుగులబట్టీ:

పేరు చూసి నవ్వకండి, మా తాత నిజంగానే బొరుగులు వేయించేవాడు, వేడి ఇసుకతో మాకు బంధుత్వం అప్పటిది. నేను పదిహేనేళ్లుగా ఊక బాయిలర్లే చూస్తున్నా.

అన్నా, నీ 0.49 డక్టులో ఉన్న గాలిది, అక్కడ 30 డిగ్రీలు. అదే గాలి బెడ్‌లోకి పోయి 850 డిగ్రీలు ఎక్కితే ఉబ్బుతుంది. కెల్విన్‌లో చూడు, 303 కాస్తా 1123 అయింది, అంటే 3.7 రెట్లు. బెడ్ వైశాల్యం మాత్రం పెరగదు కదా, కాబట్టి వేగమే పెరగాలి. 0.49 ఇంటూ 3.7, సెకనుకి 1.8 మీటర్లు. పొట్టులోంచి వచ్చే తేమ, పొగ కలిస్తే ఇంకాస్త ఎక్కువే ఉంటుంది, దాన్ని వదిలేద్దాం. ఈ తప్పు నువ్వొక్కడివే చేయలేదు, ఇంజనీర్లు కూడా చల్లగాలి లెక్క వేసి వేడి బెడ్ మీద సంతకం పెట్టడం నేను చూశాను.

ఇంకో మాట. 2,100 ఎప్పటి రీడింగు? సీజన్‌కి ముందుదా, ఇప్పటిదా? రెండు షిఫ్టులు అంటే డక్టులో గాలిని పెంచి తగ్గించే రేకు, డ్యాంపర్, తెరిచే ఉంటారు.

మామిడిరసం_చిత్తూరు:

అయ్యో, అది మార్చిలో తీసిన రీడింగు. ఇప్పుడే వెళ్లి కొలిచి వచ్చా, 2,600. అంటే చల్లగా 0.60, వేడిగా 2.2 మీటర్లు. సరే, అయినా 5 మీటర్లకి ఇంకా చాలా దూరం ఉంది కదన్నా?

చేటతో_చెరిగేది:

తిరుపతిలో కెమికల్ ఎంటెక్ చేస్తున్నా, ప్రాజెక్టు కూడా ఈ ఫ్లూయిడైజేషన్ మీదే, అందుకే ఆగలేక రాస్తున్నా.

సార్, మీరు సగటు గింజని పట్టుకున్నారు. సగటు గింజ ఎప్పుడూ ఎగరదు. కళ్లంలో వేరుశనగ తూర్పారబట్టడం చూసే ఉంటారు. గాలి ఒకటే, చేట ఎత్తు ఒకటే, బరువైన కాయ కాళ్ల దగ్గర పడుతుంది, తాలు కాయ కొంచెం అవతల పడుతుంది, పొట్టూ దుమ్మూ పక్కవాడి కళ్లంలోకి పోతాయి. మీ బెడ్‌లో జరిగేది రోజంతా ఆగని తూర్పార. కాబట్టి అడగాల్సింది సగటు ఎంత అని కాదు, మీ ఇసుకలో సన్నది ఎంత ఉంది అని.

గింజ గుండ్రంగా ఉందనుకుని, ఇసుక సాంద్రత ఘనపు మీటరుకి 2,600 కిలోలు తీసుకుని వేశాను. నిజం ఇసుక కోసుగా ఉంటుంది కాబట్టి వేగాలు ఇంకొంచెం తగ్గుతాయి. 0.6 మి.మీ. గింజకి 30 డిగ్రీల దగ్గర మీరన్నట్టు 5 మీటర్లు, 850 దగ్గర 5.8. ఇది వేడిలో ఇంకా క్షేమం. 0.2 మి.మీ. గింజ చూడండి, 30 డిగ్రీల దగ్గర 1.6 మీటర్లు, 850 దగ్గర 1.07 మాత్రమే. 0.1 మి.మీ. అయితే 0.6 నుంచి 0.3 కి పడిపోతుంది. ఎందుకంటే గాలి వేడెక్కితే పలచబడుతుంది కానీ దాని జిగట పెరుగుతుంది, 850 దగ్గర దాదాపు రెండున్నర రెట్లు అవుతుంది. పెద్ద గింజని ఆపేది ఎక్కువగా గాలి బరువు, చిన్న గింజని పట్టి లాగేది ఆ జిగట. అందుకే సన్న ఇసుకకి రెండు దెబ్బలూ ఒకేసారి తగులుతాయి, వేగం నాలుగు రెట్ల దాకా పెరుగుతుంది, ఆ గింజ నిలబడగలిగే హద్దేమో తగ్గుతుంది.

మార్చిలో మీ వేగం 1.8, అప్పుడు 0.27 మి.మీ. కంటే సన్నది మాత్రమే పోయేది. ఇప్పుడు 2.2. నా లెక్కలో 0.3 మి.మీ. గింజ హద్దు 2.1. అది కూడా దాటేశారు. గాలి ఇరవై నాలుగు శాతమే పెరిగింది కదా అనుకుంటాం కానీ ఎగిరే ఇసుక ఆ నిష్పత్తిలో పెరగదు, చాలా ఎక్కువ పెరుగుతుంది, ఎందుకంటే అప్పటిదాకా బెడ్‌లో నిలిచిన ఒక సైజు మొత్తం కొత్తగా ప్రయాణం కడుతుంది.

పాలిటెక్నిక్ సివిల్ ల్యాబ్‌లో ఎవరైనా తెలిసినవాళ్లు ఉంటే కాంక్రీటు ఇసుకకి వాడే జల్లెళ్లు అడగండి, 600 మైక్రాన్లు (అంటే 0.6 మి.మీ.), 300, 150 ఉంటాయి, మనకి అవి చాలు. కొత్త ఇసుక ఒక కిలో, సైక్లోన్ (పొగని సుడి తిప్పి అందులోని బూడిదని కింద పడేసేది) బూడిద ఒక కిలో. బూడిదని మాత్రం జల్లించే ముందు నీళ్లలో వేసి బియ్యం గాలించినట్టు గాలించండి, బొగ్గూ బూడిదా నీళ్లతో పోతాయి, ఇసుక అడుగున మిగులుతుంది. ఆరబెట్టి తూకం వేయండి. రోజుకి సైక్లోన్ బూడిద ఎన్ని బస్తాలో కూడా రాసుకోండి.

సింపుల్_సొల్యూషన్:

ఇంత చర్చ ఎందుకండీ. 1 మి.మీ. ఇసుక వేసేయండి, ఎగరదు, గొడవ వదిలిపోతుంది.

చేటతో_చెరిగేది:

ఎగరదు, నిజమే. పొద్దున బాయిలర్ ఎలా లేపుతారు? ఇసుక కదలడం మొదలవడానికి కూడా కనీస వేగం ఒకటి కావాలి. వెన్, యూ అనే ఇద్దరు పరిశోధకులు 1966లో ఇచ్చిన ఫార్ములాతో వేస్తే 0.6 మి.మీ. ఇసుకకి చల్లగా సెకనుకి 0.26 మీటర్లు, వేడిలో 0.12. 1 మి.మీ. ఇసుకకి చల్లగా 0.55 కావాలి. సార్ ఫ్యాన్ ఇప్పుడు ఇచ్చేదే 0.60. ఆ కొస గాలితో చల్లటి ఇసుక ఒకచోట బుడగలు వేస్తుంది, ఇంకోచోట మొద్దులా పడుకుంటుంది, ఆ పడుకున్న చోట పొట్టు కుప్పపడి కాలితే క్లింకర్, అంటే కరిగి గట్టిపడ్డ గడ్డ, కడుతుంది. వేరుశనగ పొట్టు బూడిదలో పొటాషియం ఉంటుంది, అది ఇసుకతో కలిసి వేడికి గాజులా కరిగి అంటుకుంటుంది. ఎగిరేది తగ్గిద్దామని పోయి బెడ్ గడ్డకట్టించుకుంటాం.

బొరుగులబట్టీ:

చెల్లెమ్మ చెప్పిందానికి నా వోటు. ఒకచోట ఇలాగే లావు ఇసుక పోయించారు. పొద్దున లేపడానికి గంట పట్టేది మూడు గంటలైంది, డీజిల్ బర్నర్‌కి పోసిన డబ్బుతో మంచి ఇసుకే రెండు లారీలు వచ్చేది.

మామిడిరసం_చిత్తూరు:

నాలుగు రోజులు లేటయింది, ఏమనుకోకండి. చేసిన పని చెప్తా.

కొత్త ఇసుక జల్లించాం. 600 మైక్రాన్ల పైన 45 శాతం, 600కీ 300కీ మధ్య 32, 300 కింద 23 శాతం. బిల్లులో సగటు 0.6 అని రాసింది అబద్ధం కాదు, కానీ దాదాపు పావు వంతు సన్నదని ఎవరు రాస్తారు.

సైక్లోన్ కింద రోజుకి సుమారు 200 కిలోల బూడిద వస్తోంది. మూడు చోట్ల నుంచి తీసి గాలించాం. అదేదో చిన్న పని అనుకున్నా, మా ఇంట్లో గంగాళం తెచ్చి చేశా, ఇంకా మా ఆవిడ దాన్ని వంటింట్లోకి రానివ్వలేదు. కిలోకి 65 గ్రాముల ఇసుక. అంటే రోజుకి 13 కిలోలు. అందులో 10 కిలోల దాకా 300 మైక్రాన్ల కంటే సన్నది, మిగతా 3 కిలోలు లావుది, కొన్ని గింజలు 600 పైన కూడా ఉన్నాయి.

మేనేజరు గారికి చూపించా. చూశావా, నేను చెప్పలేదా, చిమ్నీ చిమ్నీ అని అన్నారు.

చేటతో_చెరిగేది:

సార్ ఒక్క నిమిషం. రోజుకి 40 కిలోలు వేస్తున్నారు, అందులో 23 శాతం అంటే 9 కిలోల పైచిలుకు సన్నది. సైక్లోన్‌లో వచ్చిన సన్నది 10. ఈ రెండూ దాదాపు సరిపోయాయి, ఆ ఎక్కువైన ముప్పావు కిలో ఇసుక ఇసుకతో రాసుకుని అరిగినది అనుకోవచ్చు. అంటే మీరు పొద్దున వేసే సన్న ఇసుక సాయంత్రానికి సైక్లోన్‌లో ఉంటోంది. గాలికి పోయే పేలపిండి కృష్ణార్పణం అన్నట్టు డబ్బు పెట్టి కొని మరీ గాలికి అర్పిస్తున్నారు.

అది పక్కన పెట్టండి. 40 వేస్తే 13 దొరికింది. మిగతా 27 కిలోలు ఏమయ్యాయి? బెడ్ ఎత్తు పెరగడం లేదు కదా? సైక్లోన్ దాటి చిమ్నీకి పోయిందంటే నేను నమ్మను. మామూలు సైక్లోన్ అయినా 300 మైక్రాన్ల ఇసుకని వదలదు, వదిలేది పది ఇరవై మైక్రాన్ల లోపు దుమ్మునే.

రిటైర్డ్_రేణిగుంట:

చాలా రోజులకి చదవదగ్గ చర్చ వచ్చింది. నేను రిఫైనరీలో క్యాటలిటిక్ క్రాకింగ్ యూనిట్ల (బరువైన నూనెని విరిచి పెట్రోలు లాంటివి తీసేవి) మీద ముప్పై ఏళ్లు చేసి ఇప్పుడు రేణిగుంటలో మనవళ్లకి లెక్కలు చెప్పుకుంటున్నా. మా దగ్గర క్యాటలిస్టు సగటున 70 మైక్రాన్లు, టాల్కం పౌడర్ అనుకోండి. గాలి వేగం దాని టెర్మినల్ వెలాసిటీకి దాదాపు పది రెట్లు. ఎగరకుండా చూడాలన్న ఆలోచనే లేదు అక్కడ, ఎగిరినదాన్ని వెనక్కి తేవడమే పని, అందుకే రీజనరేటర్ (క్యాటలిస్టుకి అంటిన మసిని కాల్చే పాత్ర) లోపలే రెండు దశల సైక్లోన్లు వేలాడుతుంటాయి. 1942లో అమెరికాలో బేటన్ రూజ్‌లో మొదటి యూనిట్ నడిచినప్పటి నుంచి ఆ పరిశ్రమ కథలో సగం సైక్లోన్ల కథే. మీ బెడ్ అది కాదు, మీది బుడగల బెడ్, ఇసుక ఇంట్లోనే ఉండాలి.

ఆ అమ్మాయి అడిగిన 27 కిలోల ప్రశ్న బంగారం లాంటిది. నాయనా, దాన్ని వదలొద్దు.

నేను రెండు చోట్ల చూస్తా. ఒకటి సైక్లోన్ కింద, గాలిని ఆపి బూడిదని మాత్రం దించే తిరిగే రెక్కల కవాటం, రోటరీ ఎయిర్‌లాక్. సైక్లోన్ ఐడీ ఫ్యాన్ (పొగని చిమ్నీ వైపు లాగేది) పీల్పులో ఉంటుంది కాబట్టి ఎయిర్‌లాక్ రెక్కలు అరిగితే బయటి గాలి కిందనుంచి లోపలికి దూరి, దిగుతున్న బూడిదని మళ్లీ పైకి లేపుతుంది. దీనికి మీటర్లేమీ అక్కర్లేదు. ఒక అగరబత్తి వెలిగించి ఎయిర్‌లాక్ ఫ్లాంజి చుట్టూ తిప్పండి, పొగ ఎక్కడ లోపలికి గుంజుకుంటే అక్కడ కన్నం. పక్కనే కాళహస్తిలో వాయులింగం దగ్గర గాలి చొరబడని గర్భగుడిలో దీపం రెపరెపలాడుతుందని చూడ్డానికి పోతారు జనం, మన ఫ్యాక్టరీల్లో ఎక్కడ చూసినా గాలి రెపరెపలే, ఎవరూ చూడరు.

రెండోది నన్ను తొలుస్తున్నది. మీరు మొదటి పోస్టులో విండ్ బాక్స్ ప్రెషర్ తక్కువ చూపిస్తుందని రాశారు. గాలి 2,100 నుంచి 2,600కి పెంచారు. గాలి పెంచితే విండ్ బాక్స్ ప్రెషర్ పెరగాలి కదా, తగ్గడమేమిటి? ఇసుక లేకుండా ఖాళీ బెడ్‌తో ఫ్యాన్ నడిపి తీసిన రీడింగు మీ కమిషనింగ్ కాగితాల్లో ఉందా?

మామిడిరసం_చిత్తూరు:

ఉంది తాతా, వెతికితే దొరికింది. 2,100 దగ్గర ఖాళీ బెడ్‌తో 150 మి.మీ. నీటి మట్టం. ఇసుక వేశాక 600. గోడ మీద రాసింది అదే.

రిటైర్డ్_రేణిగుంట:

అయితే రా, ఇద్దరం కలిసి వేద్దాం. విండ్ బాక్స్‌లో ఉన్న ప్రెషర్ రెండు ముక్కలు. ఒకటి నాజిళ్ల (విండ్ బాక్స్ నుంచి బెడ్‌లోకి గాలి వదిలే గొట్టాలు) గుండా గాలి దూరడానికి అయ్యే ఖర్చు, రెండోది ఇసుకని మోయడానికి అయ్యేది. రెండోది చాలా సుఖమైన లెక్క, ఇసుక తేలుతున్నంత సేపు అది ఇసుక బరువుకి సమానం, గాలి పెంచినా తగ్గించినా మారదు. 1 మి.మీ. నీటి మట్టం అంటే చదరపు మీటరుకి ఒక కిలో. నీది 300 మి.మీ. ఎత్తు, పోసిన ఇసుక ఘనపు మీటరుకి 1,500 కిలోలు అనుకుంటే చదరపు మీటరుకి 450 కిలోలు, 450 మి.మీ. దానికి నాజిళ్లది 150 కలిపితే 600. మీ గోడ మీది పెయింటు నిజమే చెప్పింది, మార్చిలో.

నాజిళ్ల ఖర్చు మాత్రం గాలి వేగం వర్గంతో పెరుగుతుంది. 2,600 అయితే 150 కాస్తా 230 అవుతుంది. విండ్ బాక్స్‌లో గాలి చల్లగానే ఉంటుంది కాబట్టి ఇక్కడ 3.7 గొడవ లేదు. అంటే నువ్వు ఇప్పుడు చూడాల్సింది 680. మీవాళ్లు 600కి ఇసుక వేసి సంతృప్తి పడుతున్నారు. ఈ తేడా 80 మి.మీ. ఎక్కడ? ఇసుకే తక్కువ ఉంటే 1.2 చదరపు మీటర్లకి 96 కిలోలు తక్కువ ఉండాలి, అంటే ఎత్తు 300 కాదు, 250కి దగ్గర ఉండాలి. ఫ్యాన్ ఆపినప్పుడు కడ్డీ దించి ఎత్తు కొలు. ఎత్తు సరిగ్గానే ఉంటే నాజిళ్ల దగ్గర గాలికి దొంగదారి దొరికిందన్నమాట.

బొరుగులబట్టీ:

తాత చెప్తుంటే నాకు వెలిగింది. క్యాపులు! నాజిల్ క్యాపులు ఊడి ఉంటే గాలికి అడ్డం లేదు, ప్రెషర్ తగ్గుతుంది. అంతకంటే ముఖ్యం, రాత్రి ఫ్యాన్ ఆపగానే మూత లేని గొట్టంలోంచి ఇసుక గడియారం గాజులో లాగా కిందకి జారుతుంది. మీరు రెండు షిఫ్టులు నడిపి రాత్రి ఆపుతారు, పొద్దున లేపగానే ప్రెషర్ తక్కువ అన్నారు. 27 కిలోలు దిగితే ప్రెషర్ 22 మి.మీ. తగ్గుతుంది, పొద్దున మీరు చూసేది అదే. అందరం తలెత్తి చిమ్నీ వైపు చూస్తున్నాం, ఇసుక కాళ్ల కిందకి పోతోంది.

ఆ 3 కిలోల లావు ఇసుక సైక్లోన్‌కి ఎలా వచ్చిందో కూడా అర్థమైంది. క్యాప్ ఉంటే గాలి పక్కలకి చిమ్ముతుంది. లేకపోతే నిట్టనిలువుగా ఫిరంగిలా కొడుతుంది, 300 మి.మీ. ఇసుకని చీల్చుకుని పైకి చిమ్ముతుంది. అలా చిమ్మిన గింజకి టెర్మినల్ వెలాసిటీ ఎంతైతే ఏంటి, పొగ బయటికి పోయే దారి దగ్గరగా ఉంటే తిరిగి పడేలోపే గుంజుకుపోతుంది.

జాగ్రత్త ఒకటి. విండ్ బాక్స్ తలుపు ఆపిన రోజే తెరవొద్దు. లోపల పడ్డ ఇసుక పై పొర చల్లగా ఉండి అడుగున మండుతూ ఉంటుంది, పొట్టు ముక్కలు కూడా దిగి ఉంటే తలుపు తీసిన గాలికి భగ్గుమంటాయి. ఒక రోజంతా ఆరనివ్వండి, ఫ్యాన్ స్విచ్‌కి తాళం వేసి తాళంచెవి జేబులో పెట్టుకోండి.

చేటతో_చెరిగేది:

ఫ్రీబోర్డ్ ఎత్తు ఎంతో కూడా కొలవండి సార్, అంటే ఇసుక పై మట్టం నుంచి పొగ బయటికి పోయే దారి దాకా. బుడగ పగిలినప్పుడు సెకనుకి 3 మీటర్లతో చిమ్మిన గింజ అర మీటరు లోపే తిరిగి పడుతుంది, 5 మీటర్లతో చిమ్మితే 1.3 మీటర్ల దాకా పోతుంది. ఒక ఎత్తు దాటాక లావు గింజలు అన్నీ వెనక్కి పడిపోయి గాలి మోయగలిగినవే మిగులుతాయి, పొగ దారి ఆ ఎత్తుకి పైన ఉండాలి. కింద ఉంటే నా టెర్మినల్ వెలాసిటీ పట్టికలన్నీ దండగ.

మామిడిరసం_చిత్తూరు:

ఆదివారం ఆపాం, సోమవారం సాయంత్రం తెరిచాం. ముందు బెడ్ ఎత్తు చెప్తా, 290. అంటే ఇసుక దాదాపు సరిపోను ఉంది, తాత అన్న దొంగదారే.

విండ్ బాక్స్ తలుపు తీస్తే ఇసుక మా కాళ్ల మీదకే జారింది. ఆరు సిమెంటు బస్తాలు నిండింది, 300 కిలోల పైన. సీజన్ మొదలై పన్నెండు రోజులు, రోజుకి 27 చొప్పున వేస్తే 324. నేను ఆ తూకం చూసి కాసేపు అక్కడే కూర్చుండిపోయా. మా హెల్పర్ ఏమైంది సార్ అని నీళ్లు తెచ్చిచ్చాడు.

బెడ్ ఇసుక తీసి చూస్తే 110 నాజిళ్లలో 9కి క్యాపుల్లేవు. నాలుగు క్యాపులు ఇసుకలోనే దొరికాయి, మర అరిగిపోయి ఉన్నాయి, మిగతావి ఎప్పుడో బూడిదతో పోయి ఉంటాయి. ఆ తొమ్మిదీ పొట్టు పడే వైపునే ఉన్నాయి, అక్కడే వేడి ఎక్కువ అనుకుంటా. కొత్త క్యాపులు తిరుపతిలో లేత్ పట్టించి తెచ్చాం, ఈసారి బిగించి చిన్న వెల్డు చుక్క కూడా పెట్టించా.

అగరబత్తి కూడా తిప్పా తాతా. ఎయిర్‌లాక్ బాగానే ఉంది, కానీ దాని పైన తనిఖీ తలుపు రబ్బరు పోయింది, పొగ జర్రున లోపలికి పోయింది. మార్చేశాం. ఫ్రీబోర్డ్ 1.9 మీటర్లు ఉంది మేడమ్.

మళ్లీ లేపాక 2,600 దగ్గర విండ్ బాక్స్ 670 చూపిస్తోంది. గోడ మీది 600 కొట్టేసి ఏ గాలికి ఎంత ఉండాలో ఒక పట్టిక రాయించా. కింద తలుపు పక్కన చిన్న కన్నం పెట్టి ప్లగ్గు బిగించాం, రోజూ పొద్దున విప్పి ఇసుక వచ్చిందా చూస్తారు. మూడు రోజులైంది, గుప్పెడు కూడా రాలేదు. ఇప్పుడు రోజుకి వేసేది 8 కిలోలు.

మేనేజరు గారు ఆ ఆరు బస్తాలు చూసి మాట్లాడలేదు. చిమ్నీకి కొత్త సైక్లోన్ కొటేషన్ తెప్పించి ఉన్నారు పాపం.

బొరుగులబట్టీ:

ఆ కొటేషన్ దాచిపెట్టమను, ఊక ఎక్కువ కాల్చే రోజున పనికొస్తుంది. ఊకలో బూడిద ఎక్కువ, అందులో మళ్లీ ఎక్కువ భాగం సిలికానే, ఐడీ ఫ్యాన్ రెక్కల్ని ఆకురాయి పెట్టినట్టు తినేస్తుంది.

రిటైర్డ్_రేణిగుంట:

శభాష్ నాయనా. గాలి సంగతి కూడా ఒకసారి చూడు. చిమ్నీ దగ్గర ఆక్సిజన్ ఎంతో కొలిపించావా? 10 శాతం ఉందంటే కావలసిన గాలికి దాదాపు రెండింతలు తోస్తున్నట్టు. 21ని, 21లోంచి ఆక్సిజన్ తీసేస్తే మిగిలిన దాంతో భాగించు, అదే లెక్క. 7కి తేగలిగితే ఆవిరి తగ్గకుండానే గాలి అయిదో వంతు తగ్గుతుంది, అప్పుడు నీ 2.2 మళ్లీ 1.8కి వస్తుంది. తగ్గిస్తూ పోయేటప్పుడు బెడ్ టెంపరేచర్ మీద కన్నుండాలి, 900 వైపు పోతే ఆ అమ్మాయి చెప్పిన గాజు గడ్డలు కడతాయి. కొలిచే ముందు పొట్టు హాపర్ దగ్గర కూడా అగరబత్తి తిప్పు, అక్కడ లీకు ఉంటే ఆక్సిజన్ రీడింగు నీకు అబద్ధం చెప్తుంది.

మామిడిరసం_చిత్తూరు:

మీటరు మా దగ్గర లేదు తాతా, బాయిలర్ సర్వీసు అతను శుక్రవారం తెస్తానన్నాడు. తెచ్చాక రీడింగు ఇక్కడే పెడతా.

చేటతో_చెరిగేది మేడమ్, ఒక సందేహం. విండ్ బాక్స్‌లోంచి తీసిన ఆ 300 కిలోలు మళ్లీ వాడుకోవచ్చా?

చేటతో_చెరిగేది:

నిక్షేపంగా వాడండి, క్లింకర్ ముక్కలుంటే ఏరేయండి చాలు. నిజానికి మీరు కొన్న కొత్త ఇసుక కంటే అదే మంచిది, పగలంతా బెడ్‌లో తూర్పారబట్టి, సన్నదంతా సైక్లోన్‌కి పోయాక రాత్రికి కిందకి దిగినది కదా. ఎందుకైనా మంచిది, రెండు కిలోలు మాకు పంపండి, జల్లించి చెప్తా. నా ప్రాజెక్టులో కూడా ఒక పట్టిక ఖాళీగా ఉంది.